ఫస్ట్ ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాల? 25 వేలు కట్టే ముందు ఒకసారి చదవండి

పోస్టు కొంచెం పొడుగైంది, తీరిక చూసుకుని చదవండి.

ప్రతి ఏడాదీ కౌన్సెలింగ్‌లు అయిపోయి కాలేజీలు తెరిచే టైముకు మన గ్రూపులో ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఫస్ట్ ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాల?" కింద కామెంట్లు మొదలు. ఒకాయన సీ అంటాడు. ఇంకొకాయన జావా లేకుంటే జాబ్ లేదంటాడు. మూడో ఆయన వచ్చి ఇప్పుడంతా ఏఐ, పైథాన్ తప్ప ఏదీ పనికిరాదంటాడు. ఆ మధ్యలో ఎవరో ఒకరు "ముందు ఇంగ్లీష్ నేర్చుకో" అని పోతారు. అడిగిన పిల్లోడు అవన్నీ చదివి, అడగక ముందుకన్నా ఎక్కువ అయోమయంలో పడతాడు. నేను కూడా రెండు మూడు సార్లు ఒక్క ముక్క కామెంట్ పెట్టి చేతులు దులుపుకున్నోన్నే.

పోయిన వారం ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. పత్తికొండ దిక్కు తాండా. బీఎస్సీ కంప్యూటర్స్ మొదటి సంవత్సరం, కర్నూల్లో హాస్టల్లో ఉంటుంది. టౌన్లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సీ, జావా, పైథాన్ మూడూ నేర్పించి జాబ్ ఇప్పిస్తామని 25 వేలు అడిగారంట. వాళ్ల నాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిస్తానన్నాడంట. ఆదివారం లోపల కడితే రెండు వేలు తగ్గిస్తారంట. "కట్టమంటావా అన్నా?" అని అడిగింది.

నూటికి మూడంటే 25 వేలకు నెలకు 750 రూపాయలు వడ్డీనే అవుతుంది. ఏడాదికి తొమ్మిది వేలు. అసలు అట్లనే ఉంటుంది. కాబట్టి మన ఇండ్లల్లో "ఏ లాంగ్వేజ్" అన్నది కామెంట్లలో సరదాగా కొట్లాడుకునే విషయం కాదు. ఆ అమ్మాయికి ఇచ్చిన జవాబే ఇంకా వివరంగా అందరికీ రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. కట్టొద్దు. చేతిలో ఉన్న ఫోన్‌లోనే పైథాన్‌తో మొదలుపెట్టు. ఎందుకో చెప్తా, ఈ మాట ఎవరికి వర్తించదో అది కూడా చెప్తా.

ముందు నా సంగతి. నేను ఇంజనీరింగ్‌లో చేరేదాకా కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. మొదటి సంవత్సరంలో సీ ప్రోగ్రామింగ్. ల్యాబ్‌లో టర్బో సీ, ఆ నీలం రంగు స్క్రీన్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వారానికి ఒక ల్యాబ్, ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురం. కీబోర్డు ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు, ఇంట్లో కంప్యూటర్ ఉన్నోడి చేతిలోనే. మిగిలిన ఇద్దరం వెనక నిలబడి రికార్డులో రాసుకునేది. ఫ్యాక్టోరియల్, ఫిబొనాచీ, పాలిండ్రోమ్, మ్యాట్రిక్స్ మల్టిప్లికేషన్, అన్నీ బట్టీ. ఎగ్జామ్‌లో చీటీ తీస్తే పాలిండ్రోమ్ వచ్చింది, కామాతో సహా రాసేసినా. మంచి మార్కులే వచ్చాయి. కానీ సొంతంగా పది లైన్ల ప్రోగ్రాం రాయమంటే చేతకాలేదు.

ఒకసారి స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌శాండ్ గుర్తు పెట్టడం మర్చిపోయినా. ప్రోగ్రాం ఏ ఎర్రరూ చెప్పలేదు. నంబర్ ఇస్తే పిచ్చి పిచ్చి జవాబు వచ్చింది. ల్యాబ్ టైమంతా దాంతోనే పోయింది. సార్‌ను అడగడానికి భయం. ఆ రోజు హాస్టల్‌కు నడుచుకుంటూ పోతూ, ఇది మనోళ్లకు వచ్చే పని కాదులే అనుకున్నా. ఆ మాట మూడేండ్లు నా నెత్తిన కూర్చుంది. నేనొక్కన్నే కాదు, నాతో చేరిన మన పిల్లలు చాలామంది అట్లనే అనుకున్నారు. కొంతమంది డిగ్రీ పట్టా తీసుకుని గ్రూప్స్‌కో డీఎస్సీకో పోయారు. అవి తక్కువ అని కాదు, ఇష్టపడి పోతే మంచిదే. భయపడి పోయినోళ్ల గురించి చెప్తున్నా.

తర్వాత బెంగళూరులో టెస్టింగ్ పనిలో చేరినాక ఒక సీనియర్ నాకు పైథాన్ చూపించాడు. రెండు వారాల్లో చిన్న చిన్నవి రాయగలిగినా. అప్పుడు నాకు అర్థమైంది. నాకు లాజిక్ రాక కాదు. ఇంగ్లీషులో వచ్చిన ఎర్రర్ చదవడం రాదు, కీబోర్డు మీద చేయి ఆడదు, పక్కన అడగడానికి మనిషి లేడు. ఆ మూడు కష్టాల మీద సీ నాలుగోది. ఆ నాలుగోదాన్ని తీసేసుంటే మిగిలిన మూడింటితో కుస్తీ పట్టగలిగేవాన్ని.

సీని తిడుతున్నా అనుకోవద్దు. అది 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారు చేసిన లాంగ్వేజ్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి చేసుకున్నాడు, అంటే పనితనం తెలిసినోళ్లు పనితనం తెలిసినోళ్ల కోసం చేసిన పనిముట్టు. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆయన మనసులో లేరు. ఈ రోజుకీ లైనక్స్ గుండెకాయ సీలోనే ఉంది. మనం వాడే పైథాన్ కూడా లోపల సీలో రాసిందే. గొప్పది కాబట్టే మొదటి రోజే చేతికియ్యొచ్చా అన్నది వేరే ప్రశ్న.

ఈ కొట్లాట మనం మొదలుపెట్టింది కూడా కాదు. 1964లో అమెరికాలో డార్ట్‌మౌత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల సార్లు బేసిక్ అనే లాంగ్వేజ్ చేశారు. సైన్సు చదవని పిల్లలకు కూడా కంప్యూటర్ అందాలన్నది వాళ్ల ఉద్దేశం. 1975లో డైక్‌స్ట్రా అనే పెద్ద శాస్త్రవేత్త, బేసిక్‌తో మొదలుపెట్టిన పిల్లల బుర్ర ఇక బాగుపడదన్నట్టు ఘాటుగా రాశాడు. విచిత్రం ఏమిటంటే అదే 1975లో, స్కూల్లో బేసిక్‌తో మొదలుపెట్టిన బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ పెట్టాడు. ఆ కంపెనీ మొదటి సరుకు కూడా బేసిక్కే. మన దేశంలో 1984లో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలైనప్పుడు బీబీసీ మైక్రో మెషీన్ల మీద నేర్పింది కూడా బేసిక్. తర్వాత పాస్కల్ వచ్చింది, సీ వచ్చింది, జావా వచ్చింది. అమెరికాలో ఎంఐటీ వాళ్లు ఏండ్ల తరబడి స్కీమ్ అనే లాంగ్వేజ్‌తో మొదలుపెట్టించి, 2000ల చివర్లో పైథాన్‌కు మారారు. 2014లో ఒక ప్రొఫెసర్ లెక్క తీస్తే అక్కడి పేరున్న 39 కంప్యూటర్ డిపార్ట్‌మెంట్లలో 27 మొదటి కోర్సుల్లో పైథాన్ చెప్తున్నాయని తేలింది. మన సీబీఎస్‌ఈ ఇంటర్ స్థాయి పుస్తకాల్లో ఒకప్పుడు సీ ప్లస్ ప్లస్ ఉండేది, ఇప్పుడు పైథాన్. అరవై ఏండ్లుగా పెద్దపెద్దోళ్లకే తెగని పంచాయితీ ఇది. హాస్టల్ రూములో కూర్చుని మీరు తేల్చాల్సిన పని లేదు.

మీరు చూసుకోవాల్సింది వేరే. మీ చేతిలో ఏముంది? మన పిల్లల్లో ఎక్కువ మందికి ఉన్నది ఒక ఆండ్రాయిడ్ ఫోన్, రోజుకు ఇంత అని లెక్కపెట్టుకునే డేటా, హాస్టల్లో రాత్రి భోజనాల తర్వాత ఒక గంట. తాండాకో గూడేనికో పోతే సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. నల్లమల లోపలి చెంచు తమ్ముళ్లకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. ఈ సరంజామాతో ఏది నడుస్తుందో అదే మన మొదటి లాంగ్వేజ్.

పైడ్రాయిడ్ 3 అని ఒక యాప్ ఉంది. ఒకసారి వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండా నడుస్తుంది. తెరువు, రాయి, పసుపు రంగు బటన్ నొక్కు, జవాబు వస్తుంది. మొదట్లో డబ్బులు కట్టాల్సిన పని లేదు. సీకి కూడా ఫోన్ యాప్‌లు ఉన్నాయి, లేవని చెప్పను. కానీ సీ ప్రోగ్రాంలో పని మొదలవక ముందే హ్యాష్ గుర్తు, ఇంక్లూడ్, యాంగిల్ బ్రాకెట్లు, మెయిన్, పూల బ్రాకెట్లు, ప్రతి లైను చివర సెమికోలన్ ఉండాల. ఫోన్ కీబోర్డులో అవన్నీ రెండో పేజీలోనో మూడో పేజీలోనో దాక్కుని ఉంటాయి. నాలుగు లైన్లు కొట్టేలోపల వేలు నొప్పి పుడుతుంది. పైథాన్‌లో అవి చాలా తక్కువ.

ఇంకో సంగతి చాలామంది మనోళ్లకు తెలియదు. పైథాన్ మూడో వెర్షన్‌లో మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలో రాసుకోవచ్చు. జావా, జావాస్క్రిప్ట్ కూడా ఒప్పుకుంటాయి అనుకోండి. నిజంగానే ఇట్లా రాయొచ్చు:

కూలి = 450
రోజులు = 38
అడ్వాన్సు = 10000
మిగిలింది = కూలి * రోజులు - అడ్వాన్సు

ఇది కథ కాదు, అచ్చంగా నడిచే పైథాన్. చివర్న ప్రింట్ అనే మాట ఒక్కటి ఇంగ్లీషులో రాసి బ్రాకెట్లో మిగిలింది అని పెడితే స్క్రీన్ మీద 7100 అని పడుతుంది. ఒక చిన్న జాగ్రత్త. తెలుగు పేర్లు పెట్టేటప్పుడు మాట మధ్యలో విడి పొల్లు వచ్చేవి వద్దు. కీబోర్డు అక్కడ కంటికి కనపడని అక్షరం ఒకటి దూర్చుతుంది, పైథాన్ దాన్ని ఒప్పుకోదు. నేను దీంతో ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నా.

పై నాలుగు లైన్లు ఊరికే రాయలేదు. మా మేనమామ కొడుకు రాసిన మొదటి ప్రోగ్రాం అదే. వాళ్లమ్మ, నాయన ఏటా సుగ్గికి గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు, చివర్న లెక్క ఆయనే చెప్తాడు, వీళ్లు తల ఊపి తీసుకుంటారు. ఆ ఏడాది పిల్లోడు ఫోన్‌లో ఇంట్లో ఇద్దరి రోజులూ రాసుకుని, మధ్యలో తీసుకున్న ఖర్చులు కూడా రాసుకుని, లెక్క తీశాడు. మేస్త్రీ లెక్కకూ దీనికీ కొంచెం తేడా వచ్చింది. మేస్త్రీ మోసమే చేశాడని నేను అనను, చిత్తు కాయితాల మీద రాసుకుంటే తప్పులు పడతాయి. మళ్లీ కూర్చుని చూసుకుని సరిచేశాడు. క్యాలిక్యులేటర్‌తో కూడా చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. కానీ తాండాలో ఇంకో ఎనిమిది ఇండ్లవాళ్లు "మాది కూడా చూడురా అబ్బోడా" అని వచ్చినప్పుడు, నంబర్లు మారిస్తే చాలు, ప్రోగ్రాం అదే అని వాడికి తెలిసొచ్చింది. తర్వాత పేర్ల లిస్టు పెట్టుకుని ఫర్ లూప్ ఎందుకో వాడే అడిగి నేర్చుకున్నాడు. నాకు ఆ ఫర్ లూప్ రెండు సెమిస్టర్లు పట్టింది.

ఎర్రర్ల గురించి కూడా చెప్పాల. మనోళ్లు ఎక్కువగా భయపడేది అక్కడే. ఎర్ర అక్షరాలు చూడగానే ఫోన్ పక్కన పడేస్తారు. పైథాన్ ఎర్రర్‌ను కింద నుంచి చదవండి. చివరి లైనే అసలు విషయం. నేమ్ ఎర్రర్ అంటే నువ్వు వాడిన పేరు దానికి ముందు చెప్పలేదనో, స్పెల్లింగ్ తప్పనో అర్థం. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే లైను మొదట్లో వదిలిన ఖాళీ సరిగా లేదని. టైప్ ఎర్రర్ అంటే అక్షరాలను, అంకెలను కలిపి కూడమన్నావని. ఇట్లాంటివి ఏడో ఎనిమిదో తెలిస్తే మొదటి రెండు నెలలు గడిచిపోతాయి. సీలో ఒక లైనులో సెమికోలన్ మర్చిపోతే కొన్ని కంపైలర్లలో ఎర్రర్ కింది లైనులో చూపిస్తుంది. ఐదు గదుల వరుసలో ఏడో గది అడిగితే తప్పని చెప్పకుండా అక్కడ ఉన్న ఏదో చెత్త తెచ్చి ఇస్తుంది. పైథాన్ అయితే ఆ గది లేదని అక్కడే ఆపుతుంది. అనుభవం ఉన్నోడికి ఇది చిన్న తేడా. పక్కన ఎవరూ లేని పిల్లకు ఇదే పెద్ద తేడా. కొత్తలో తప్పు ఎక్కడుందో లాంగ్వేజే చెప్పాల, ఇంకెవరు చెప్తారు?

పైథాన్‌లో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు 35. అంత తక్కువా అని ఆశ్చర్యపోకండి, పాత సీ స్టాండర్డ్‌లో 32 మాత్రమే. కాబట్టి మాటలు తక్కువ ఉంటే సులువు అన్నది నిజం కాదు. గోర్ బోలిలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి మనం నేర్చుకోలేదు కదా.

ఇప్పుడు ఎవరికి నా మాట వర్తించదో చెప్తా.

మీ కాలేజీలో ఈ సెమిస్టర్‌లో సీ సబ్జెక్టు ఉంటే, సీనే చదవండి. పైథాన్ ముందు అని మొండికేసి బ్యాక్‌లాగ్ తెచ్చుకోవద్దు. స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు అన్నీ దాని మీదే ఉంటాయి మనకు. కాకపోతే టర్బో సీలో అలవాటైన వాయిడ్ మెయిన్, గెట్‌సీహెచ్, సీఎల్ఆర్ఎస్‌సీఆర్ లాంటివి కొత్త కంపైలర్లలో అడ్డం తిరుగుతాయని తెలుసుకోండి. జీసీసీ వాడండి, వార్నింగ్ వస్తే చదవండి. ఈసీఈ, ఈఈఈ వాళ్లకు మైక్రోకంట్రోలర్లతో పని ఉంటుంది, అక్కడ సీ లేకుండా బండి నడవదు. కంప్యూటర్ సైన్స్ గేట్ రాయాలనుకునేవాళ్లకు కూడా సిలబస్‌లోనే సీ అని రాసుంటుంది. వీళ్లు సీతో మొదలుపెట్టినా తప్పులేదు. హార్వర్డ్‌లో సీఎస్50 అనే పేరున్న కోర్సు స్క్రాచ్‌తో మొదలై, సీ చెప్పి, ఆ తర్వాతే పైథాన్‌కు పోతుంది. కానీ అక్కడ ప్రతి పిల్లోడికీ కంప్యూటర్ ఉంది, అడిగితే చెప్పేవాళ్లున్నారు. మనకు లేనివి ఆ రెండే.

మన గ్రూపులోనే ఒక పెద్దన్న ఎప్పుడూ అంటుంటాడు, సీ రాకుంటే ఫౌండేషన్ ఉండదని. అన్నా, మీ మాట కాదనను. మెమరీ, పాయింటర్లు అర్థం కావాలంటే సీ చదవాల్సిందే. చదవద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు, ఏడాది తర్వాత చదవమంటున్నా. అప్పటికి వాడికి నాకు ఇది వస్తుంది అన్న ధైర్యం ఉంటుంది. నేను పైథాన్ తర్వాత మళ్లీ సీ పుస్తకం తెరిచినా. మొదటిసారి గోడలాగా కనపడిన పాయింటర్ రెండోసారి అంత భయపెట్టలేదు.

జావా గురించి రెండు ముక్కలు. ఉద్యోగాలు ఉన్నాయి, నిజం. కానీ ఒక్క లైను ప్రింట్ చేయడానికి పబ్లిక్, క్లాస్, స్టాటిక్ అని అర్థం కాని మాటలు రాయించి, తర్వాత చెప్తాలే అంటారు. రెండో లాంగ్వేజ్‌గా పెట్టుకోండి. వెబ్‌సైట్లు చేయాలని గట్టిగా ఉన్నోళ్లు జావాస్క్రిప్ట్‌తో మొదలుపెట్టుకోవచ్చు, ఫోన్ బ్రౌజర్‌లోనే ఫలితం కనపడుతుంది కాబట్టి ఆ పిల్లలకు ఉత్సాహం నిలుస్తుంది. గురుకులంలో ఆరు, ఏడు చదివే తమ్ముళ్లకైతే స్క్రాచ్ చూపించండి, టైపింగ్ లేకుండా దిమ్మెలు జరిపి ఆడుకుంటారు. ఉద్యోగ పరీక్షల భయం ఉన్నోళ్లకు ఒక మాట. పెద్ద కంపెనీల ప్రవేశ పరీక్షల్లో కోడింగ్ ప్రశ్నకు మామూలుగా సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్‌లలో మీకు వచ్చింది ఎంచుకోవచ్చు. అక్కడ చూసేది జవాబు.

ఏది మొదలుపెట్టినా ఆరు నెలలు వదలకండి. మన దిక్కు బోరు వేయించిన ప్రతి ఇంటికీ తెలుసు. టెంకాయ తిప్పేవాడు ఒక పాయింట్ చూపిస్తాడు, రెండొందల అడుగులకు దుమ్ము తప్ప ఏమీ రాదు, ఇంకో పాయింట్, అక్కడా రెండొందలు. మన పిల్లలు జూన్‌లో సీ, ఆగస్టులో జావా, దసరాకు పైథాన్ అని అదే చేస్తున్నారు. యూట్యూబ్‌లో ప్రతి ప్లేలిస్టుకూ మొదటి ఐదు వీడియోలే చూసినోళ్లు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వేరియబుల్స్ దాకా అందరికీ వస్తుంది, ఫంక్షన్ల దగ్గర లాంగ్వేజ్ మారుస్తారు.

ఇక డబ్బుల సంగతి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో చదివి బాగుపడిన రాయలసీమ పిల్లలు వేలల్లో ఉన్నారు. ఇన్‌స్టిట్యూట్ అంటేనే మోసం అని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక లాంగ్వేజ్ వచ్చినాక, ఇంటర్వ్యూల ముందు, ఒక ప్రత్యేకమైన పని నేర్చుకోవడానికి కడితే ఆ డబ్బుకు విలువ వస్తుంది. అఆలు నేర్చుకోవడానికి వడ్డీకి తెచ్చి కట్టడం మాత్రం నేను ఒప్పుకోను. మొదటి నెలలో అందరికీ చెప్పేది ఒకటే పాఠం, అది ఊరికే దొరుకుతుంది. జాబ్ గ్యారంటీ అన్నోన్ని, ఆ మాట కాయితం మీద రాసి సంతకం పెట్టమని అడగండి, జాబ్ రాకుంటే డబ్బులు వాపస్ ఇస్తావా అని కూడా. ఆదివారం లోపల కట్టాలని తొందరపెట్టేది ఎందుకో ఆలోచించండి. చదువు సోమవారం నాడు కూడా అదే చదువు.

ఊరికే అంటే ఎక్కడ? ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగు ఆడియోతో కూడా పాఠాలున్నాయి, డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత చూసుకోవచ్చు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ రోపడ్ ప్రొఫెసర్ సుదర్శన్ అయ్యంగార్ చెప్పిన జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్ ఉంది. ఇంగ్లీషే గానీ ఆటల్లాగా చెప్తారు, చూడటానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే కట్టాల. యూట్యూబ్‌లో తెలుగువాళ్ల వీడియోలు బోలెడు. ఒకటి గమనించండి. వీడియోలో ప్రింట్ పక్కన బ్రాకెట్ లేకుండా రాస్తుంటే అది పాత రెండో వెర్షన్. దానికి 2020 జనవరి 1తో కాలం తీరింది. అది మూసేసి వేరేది వెతుక్కోండి.

చాట్‌జీపీటీ ఉండగా ఇదంతా ఎందుకని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. నీ ఎర్రర్‌ను దాంట్లో పెట్టి తెలుగులో అర్థం చెప్పమను, చాలా ఓపికగా చెప్తుంది. మా కాలంలో అది ఉండుంటే నా ఆంపర్‌శాండ్ ఐదు నిమిషాల్లో తేలిపోయేది. అది కూడా తప్పులు చెప్తుంది కాబట్టి, చెప్పింది నడిపి చూసుకో. ప్రోగ్రాం మొత్తం దాంతోనే రాయించుకుంటే మాత్రం నేను బట్టీ పట్టిన పాలిండ్రోమ్‌కూ దానికీ తేడా లేదు.

ఫోన్‌తోనే అంతా అయిపోతుందని కూడా నేను చెప్పను. మూడు నాలుగు నెలలకు చాలదు. అప్పుడు కాలేజీ ల్యాబ్‌లో ఖాళీ టైము అడగండి, లైబ్రరీలో సిస్టమ్ ఉంటే అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కున్న పిల్లలు నాకు తెలుసు. 25 వేలు అప్పు చేయక తప్పదనుకుంటే, దానికి చేసినా ఒక వస్తువు ఇంట్లో ఉంటుంది. ఇంగ్లీషు పేర్లకు మారడం కూడా అప్పుడే. ఉద్యోగంలో నీ కోడ్ ఇంకొకరు చదవాల కాబట్టి కూలి, రోజులు అని తెలుగులో రాస్తే కుదరదు.

పైథాన్ కన్నా ముఖ్యం అనిపించేది ఒకటుంది, దాన్ని కామెంట్లలో ఎవరూ చెప్పరు. మనలో చాలామందిమి బడికి పోయిన రోజు తెలుగు సరిగా రాదు. ఇంట్లో పాణి, బాటి అనే మాటలే తెలుసు. టీచర్ నీళ్లు అంటే బిక్కమొగం వేసినోళ్లమే. ఎరుకల పిల్లలకు వాళ్ల భాషతో ఇదే కథ. ఆ తెలుగు మనకు పుస్తకం నుంచి రాలేదు. పక్క బెంచీ పిల్లోడితో గోలీలాడుతూ, కొట్లాడుతూ వచ్చింది. ఇంగ్లీషు రాకపోవడానికి కూడా అదే కారణం, మాట్లాడే మనిషి పక్కన లేడు. ప్రోగ్రామింగ్‌కు కూడా పక్కన ఒక మనిషి కావాల. నీ హాస్టల్లో నలుగురు సీ చదువుతుంటే, ఒంటరిగా పైథాన్ చదవడం కన్నా ఆ నలుగురితో సీ చదవడమే మేలు అంటాను. ఇంతసేపు పైథాన్ అని చెప్పి ఇప్పుడు ఇట్లా అంటున్నాడేంది అనుకోవద్దు. ఎవరూ లేనప్పుడే పైథాన్, ఎందుకంటే ఒంటరిగా ఉన్నోళ్లకు అది కొంచెం దయ చూపిస్తుంది.

ఆ చెల్లెలికి చెప్పింది ఇది. నాయనకు ఫోన్ చేసి ఇప్పుడే డబ్బులు తేవద్దని చెప్పు. రూములో ఇంకొక అమ్మాయిని జతచేసుకో, ఏ డిపార్ట్‌మెంట్ అయినా ఫరవాలేదు. ఇద్దరూ ఒకే వీడియో వరుస పెట్టుకోండి. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర, ఒకే ఫోన్ మీద, ఒకరోజు నువ్వు కొట్టు, ఒకరోజు ఆమె కొట్టాల. వెనక నిలబడి రికార్డు రాసుకునేది వద్దు. మూడు నెలల తర్వాత కూడా ఇన్‌స్టిట్యూట్ కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడదాం, ఏమేం అడగాలో నీకే తెలుస్తుంది. నిన్న రిప్లై వచ్చింది. నాయనకు చెప్పిందంట, ఆయన "నీ ఇష్టం బిడ్డా" అన్నాడంట. మెస్ లెక్క మీద మొదటి ప్రోగ్రాం రాస్తున్నారంట, ఇండెంటేషన్ ఎర్రర్ దగ్గర ఆగారు.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలకు ఒక మనవి. ఏ లాంగ్వేజ్ గొప్పదో కామెంట్ పెట్టే బదులు, మీకు వచ్చిన లాంగ్వేజ్ పేరు, వారంలో మీకు ఖాళీ ఉండే గంట రాయండి. కర్నూలు, నంద్యాల వాళ్లు ఒక పక్క, కడప, రాయచోటి వాళ్లు ఒక పక్క విడదీసి జతలు నేను కలుపుతా. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే మన పిల్లలు ఇప్పటికే ముగ్గురు ముందుకొచ్చారు, పైథాన్‌కు ఇద్దరు, సీకి ఒకరు. నాది ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు, పైథాన్.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి ప్రోగ్రాం స్క్రీన్‌షాట్ ఈ పోస్టు కిందే పెట్టండి. ఎర్రర్ వచ్చినా పెట్టండి, సిగ్గుపడొద్దు. ఫోటో తీసేటప్పుడు చివరి లైను కనపడేట్టు తీయండి.